నూనె బట్టిన చెయ్యి

ఆసు మీద పట్టుపోగు ఏలుకు తగులుకుంటే
ముందుగాల సప్పుడే ఇనొచ్చేది,
పక్కింట్ల ఎవరో
కాయితం చింపినట్టు.
నొప్పి ఎన్క ఒచ్చేది.

అరచేతులల్ల బీటలు, అరికాళ్లల్ల బీటలు.
గచ్చు మీద నడిస్తే
కొబ్బరిచిప్ప ఈడ్సినట్టు నాకే ఇనొచ్చేది.
తెల్లటి పొట్టు రాలేది. పొద్దుగాల పక్క దులిపితే
సున్నం గోడ కింద పండుకున్నట్టుండేది.

ఏపాకు ఉడకేసిన.
కానుగనూనె రాసిన, ఇల్లంత కంపు,
పిల్లి సుత గడప దాటి రాలే.
చౌటుప్పల్ల ఆర్ఎంపీ సూది ఏసిండు.
నెల దినాలు అద్దం లెక్క చేతులు.
నెల దాటినంక
అప్పు మిత్తితోని ఒచ్చినట్టు ఒచ్చింది.
చిట్యాల సంతల ఒకాయన వంకాయ బందన్నడు.
ఏడాదిన్నర తినలే.
ఏడాదిన్నర వంకాయ మీదనే మనసు.

ఆడిబిడ్డ కోడలు చాయ్ గ్లాసు
చేతికియ్యలే, గచ్చు మీద పెట్టింది.
పిల్ల మంచిదే. భయపడ్డది.
గ్లాసు సల్లారేదాక నేను దాన్నే సూస్కుంట కూసున్న.

రేషన్ దుకాణంల మిషన్ మీద బొటనేలు పెడితే ఎర్రలైటు.
చూపుడేలు. ఎర్రలైటు.
పది ఏళ్లూ అయిపోయినయ్.
మా దిక్కు చేతికుండేటివీ ఏళ్లే,
గడిసి పోయేటివీ ఏళ్లే.
డీలర్ లింగస్వామి నవ్విండు,
"నువ్వు నువ్వు కాదంటుంది అక్కా ఇది."

నల్లగొండ పెద్దాసుపత్రి. చీటి మీద రాసిండ్రు:
పున్న భూదేవి, నలభై ఆరు.
చేతులు కొంగుల దాసుకోని బల్ల మీద కూసున్న.
డాక్టరమ్మ నా కంటె చిన్నది.
కొంగు తీయమంది.
వట్టి చేతులతోనే నా చెయ్యి పట్టుకుంది,
మల్లేసింది, గోర్లు సూసింది,
కాళ్లు ఒళ్లె పెట్టుకోని సూసింది.
ఇంట్ల నేనే నా చెయ్యి అట్ల పట్టుకోలే ఎన్నడూ.

"సొరియాసిస్. అంటుకునేది కాదు" అంది.
జెర ఆగి,
"పూరా పోయేది సుత కాదు. కానీ చెప్పినట్టు ఇంటది" అంది.
ఇన్నేండ్లల్ల పోదని చెప్పింది ఆమె ఒక్కతే.
ఆమెనే నమ్మిన.

పసర్లు బంద్. సూది బంద్.
రాత్రి గోరెచ్చని నీళ్లల్ల పావుగంట నానబెట్టాలె,
తడి ఆరకముందే మలాం రాయాలె,
మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద పాత సాక్సులు.
రోజూ. నెలలకు నెలలు.
"మరి వంకాయ?"
"తినమ్మా."

బస్సుల నారాయణపూర్ దాటినంక
మా మామ యాదికొచ్చిండు.
తేలియా రుమాలు నేసేటోడు.
ఆముదపు కాయలు కాల్చిన బూడిద, నీళ్లు, నూనె;
పొద్దున పిసికి ఎండకేసి, మాపటికి మల్ల పిసికి
దినాలకు దినాలు.
మేం తొందరవెడితే,
"పోగు నూనె దాగనియ్యి. దాగకముందు రంగేస్తే
రంగు నీదే, పోగు నీది కాదు" అనేటోడు.
పోగుకు గంత ఓపిక పట్టిన ఇంట్ల
చేతికి ఒక్క సూది సాలనుకున్నం.

ఇప్పుడు రాత్రి తొమ్మిదైతే
భిక్షపతి బకెట్ తెస్తడు.
కవర్లు తొడిగి రబ్బర్లు ఏస్తడు,
బిగించి ఏస్తే తిడ్త.
ముక్కు గోకెటందుకు సుత ఆయనే.
ముప్పై ఏండ్ల కాపురంల
ఆయన నా ముక్కు ముట్టింది ఇప్పుడే.

నయమైందా అంటరు.
మాఘంల చలికి మడిమ మల్ల పగిలింది.
మిషన్ ఇంకా ఎర్రలైటే,
కండ్లు చూపి బియ్యం తెచ్చుకుంటున్న.
నిన్న ఆసు పోసిన.
చీర సగం దాక పోగు ఎక్కడా ఆగలే.
సగంల ఒక్కసారి తగులుకుంది, అదే సప్పుడు.
ఆసు ఆపిన.
పోగును మెల్లగ ఇడిపిచ్చి
మలాం డబ్బి మూత తీసిన.